డిస్కు పెట్టినా స్పందించని కంప్యూటరు: శాఖా గ్రంథాలయంలో ఆటోప్లే మరమ్మతు డైరీ

సోమవారం

మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఒక చెక్క బీరువా నిండా డిస్కులు ఉన్నాయి. పోటీ పరీక్షల పుస్తకాలతో పాటు వచ్చిన సీడీలు, దాతలు ఇచ్చి వెళ్లిన సంకీర్తనల ఆడియో సీడీలు, పాత సినిమాల వీసీడీలు, పిల్లల నిఘంటువులు, ఊరి ఉత్సవాల డీవీడీలు అన్నీ అందులోనే చేరాయి. వాటిని పాఠకులు అక్కడే కూర్చుని వినడానికి, చూడడానికి వీలుగా రీడింగు హాలులో ఒక కంప్యూటరును సిద్ధం చేయడమే ఈ పని. వచ్చేవారిలో ఎక్కువ మంది పింఛనుదారులు. మౌసుతో ఐకాన్లు వెతికి రెండుసార్లు నొక్కడం వారిలో చాలామందికి ఇబ్బంది. అందువల్ల ట్రేలో డిస్కు పెట్టి లోపలికి నెడితే చాలు, ఆడియో అయితే పాట, వీడియో అయితే బొమ్మ దానంతట అదే మొదలవ్వాలన్నది మేము పెట్టుకున్న నియమం.

కంప్యూటరు 64-బిట్ విండోస్ 10ది. సాటా కేబుల్‌తో బిగించిన డీవీడీ రైటరు ఉంది. గ్రంథాలయాధికారి గారు ఫిర్యాదును క్లుప్తంగా చెప్పారు: “డిస్కు పెడితే ఏమీ రావడం లేదు మాస్టారూ, ఒక్కోసారి మాత్రం ఏదో ఎర్రర్ వస్తోంది.” బీరువాలోంచి రకానికొకటి చొప్పున డిస్కులు తీసి పరీక్షిస్తే ఆ మాటలో కలిసిపోయిన వేర్వేరు లక్షణాలు విడివిడిగా కనిపించాయి. ఆడియో సీడీ పెడితే తెర మీద ఏ కదలికా లేదు, కానీ ‘దిస్ పీసీ’లోకి వెళ్లి తెరిస్తే ట్రాకులు కనిపిస్తున్నాయి. ఒక డిస్కు తీసి మరొకటి పెట్టాక కూడా పాత డిస్కు పేరే కనిపిస్తోంది. కొన్ని వీసీడీలకు డ్రైవు చాలాసేపు తిరిగి, చివరకు డిస్కు పెట్టమని అడుగుతోంది. నిఘంటువు సీడీలోని ప్రోగ్రామును చేత్తో నడిపిస్తే, ఈ యాప్ మీ పీసీలో నడవదన్న పెట్టె వస్తోంది.

ఏ సెట్టింగునూ ముట్టుకోక ముందే ఒక విషయం రాసి పెట్టుకున్నాను. డిస్కు లోపలికి వెళ్లిన క్షణం నుంచి పాట మొదలయ్యే వరకు పని అనేక చేతులు మారుతుంది. ముందుగా డ్రైవు డిస్కును గుర్తించి తిప్పాలి. తరువాత డ్రైవరు (డ్రైవును విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేరు) ‘డిస్కు మారింది’ అన్న కబురును విండోస్‌కు అందించాలి. షెల్ హార్డ్‌వేర్ డిటెక్షన్ అనే సర్వీసు ఆ కబురు అందుకోవాలి. ఆ రకం డ్రైవుకు ఆటోప్లేను, అంటే డిస్కు పెట్టగానే తగిన పని మొదలుపెట్టే విండోస్ సదుపాయాన్ని, పాలసీ (కంప్యూటరుకు పెట్టిన నియమం) అనుమతించాలి. డిస్కులో ఉన్నవి ఆడియో ట్రాకులా, డీవీడీ సినిమానా, ప్రోగ్రామా అన్నది తేలాలి. ఆ రకానికి కేటాయించిన ప్లేయరు కంప్యూటరులో నిజంగా ఉండాలి. ఎక్కడ తెగిందో తెలియకుండా ఇంటర్నెట్‌లో దొరికిన చిట్కాలన్నీ ఒకేసారి ప్రయోగిస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, మళ్లీ చెడితే మొదటి నుంచి వెతుక్కోవాలి. కాబట్టి ఈ వరుసలోనే వెళ్లాలని నిర్ణయించుకున్నాను.

ఆటోరన్, ఆటోప్లే ఒకటే అనుకోవడం వల్ల ఈ విషయంలో చాలా గందరగోళం పుడుతోంది. ఆటోరన్ విండోస్ 95తో వచ్చింది. డిస్కు మొదటి ఫోల్డరులో ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటే, అందులో ‘ఓపెన్’ అన్న వరుసకు ఎదురుగా రాసిన ప్రోగ్రామును విండోస్ నడుపుతుంది. ఆటోప్లే విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి ఇప్పటి రూపంలో స్థిరపడింది. అది డిస్కులోని సరుకును చూసి, దానితో ఏం చేయాలని వాడుకరిని అడుగుతుంది లేదా ముందే చెప్పి ఉంచిన పని చేస్తుంది. మా పాఠకులకు కావలసింది రెండవది. మొదటిది కావాలా వద్దా అన్నది వేరే నిర్ణయం, దానిని తరువాతకు ఉంచాను.

మంగళవారం

ఈ రోజంతా డ్రైవుకూ డిస్కులకూ పోయింది. డివైస్ మేనేజరులో డ్రైవు పక్కన పసుపు గుర్తు ఏదీ లేదు. గుర్తు ఉండి, దాని వివరాల్లో 19 లేదా 39 అన్న కోడ్ కనిపించి ఉంటే, పాత డిస్క్ రైటింగ్ సాఫ్ట్‌వేరు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులను దాచుకునే చోటు) వదిలి వెళ్లిన అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అనే విలువలను అనుమానించవలసి వచ్చేది. అప్పుడు సాధారణంగా డ్రైవే ‘దిస్ పీసీ’లో కనిపించదు. ఇక్కడ ఆ అవసరం రాలేదు.

కీబోర్డు మీది షిఫ్ట్ మీట ఇరుక్కోలేదని కూడా చూసుకున్నాను. ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు, కానీ డిస్కు పెట్టేటప్పుడు షిఫ్ట్ నొక్కి ఉంచితే విండోస్ ఆటోరన్‌ను వదిలేస్తుంది. 2003లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ విద్యార్థి అలెక్స్ హాల్డర్‌మన్ ఒక మ్యూజిక్ సీడీకి పెట్టిన కాపీ రక్షణ ఈ ఒక్క మీటతో వీగిపోతుందని చూపించారు. ప్రజలు వాడే కీబోర్డులో దుమ్ము చేరి ఆ మీట కిందికి దిగి ఉండిపోతే, ఎంత వెతికినా కారణం సెట్టింగుల్లో దొరకదు.

వీసీడీల సంగతి విండోస్ నమోదు చేసుకున్న ఎర్రర్లను చూపే ఈవెంట్ వ్యూయరులో తేలింది. ‘సిస్టమ్’ లాగులో సీడీరామ్ పేరుతో 7వ నంబరు ఎర్రర్ కనిపించింది. డిస్కు మీద చదవలేని భాగం తగిలిందని దాని అర్థం. అంటే ఆ డిస్కుల విషయంలో ఆటోప్లే తప్పేమీ లేదు. సరుకేమిటో చదవలేనప్పుడు దానిని ఎవరికి అప్పగించాలో విండోస్ నిర్ణయించలేదు.

వాటిలో ఒక డిస్కును కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి చూశాను. చదివే వైపు వేలి ముద్రలు, సన్నని గీతలు ఉన్నాయి. లేబుల్ వైపు నుంచి చూస్తే మాత్రం సూది మొనంత చుక్కల్లో వెలుగు అవతలికి వచ్చేస్తోంది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. లేజరు ఆ పారదర్శక పొర గుండా వెళ్లి, పైనున్న మెరిసే పొరను చదువుతుంది. మెరిసే పొర మీద పలుచని లక్క పూత, దాని మీద అచ్చు మాత్రమే ఉంటాయి. కాబట్టి కింది వైపు గీతలు పడినా సమాచారం చాలా వరకు మిగిలే ఉంటుంది, లేబుల్ వైపు గీస్తే మెరిసే పొరే ఊడిపోతుంది. డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండింటి మధ్య ఆ పొర ఉంటుంది, అందుకే లేబుల్ గీతలను అది కొంత తట్టుకుంటుంది. వెలుగు చుక్కలు కనిపించిన డిస్కులను విడిగా ఒక పెట్టెలో పెట్టించాను. వేలి ముద్రలు మాత్రమే ఉన్నవాటిని మెత్తటి నూలు గుడ్డతో నడిమి రంధ్రం నుంచి అంచు వైపు తిన్నగా తుడిచాం. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాకు వెంట సాగి, ఎర్రర్ సవరణకు అందనంత పొడవైన లోపంగా మారుతుంది. తుడిచాక చాలా వీసీడీలు తెరుచుకున్నాయి.

సీడీ నంబరు రాసి పైన కాగితపు చీటీ అంటించడం ఈ గ్రంథాలయంలో పాత అలవాటు. చీటీ ఒక పక్కకు ఉంటే డిస్కు వేగంగా తిరిగేటప్పుడు తూకం తప్పి వణుకుతుంది. చీటీని పీకితే కింది పూత కూడా లేచివస్తుంది. అందుకని ఉన్నవాటిని అలాగే ఉంచి, ఇక మీదట నంబరును కవరు మీదనే రాయాలని అడిగాను. గ్రంథాలయాధికారి గారు వెంటనే ఒప్పుకున్నారు.

గురువారం

డ్రైవు బాగుంది, మంచి డిస్కులూ ఉన్నాయి. అయినా ఆడియో సీడీకి తెర కదలడం లేదు. పాత డిస్కు పేరు తెర మీద నిలిచిపోయే లక్షణాన్నే ముందుగా పట్టుకున్నాను, ఎందుకంటే అది చాలా స్పష్టంగా మాట్లాడే లక్షణం. ఎఫ్5 నొక్కితే పేరు మారుతోంది, నొక్కకపోతే మారడం లేదు. అంటే విండోస్ అడిగితే డ్రైవు చెబుతోంది, తనంతట తాను చెప్పడం లేదు. ‘డిస్కు మారింది’ అన్న కబురే బయలుదేరడం లేదన్నమాట.

ఆ కబురును పంపాలా వద్దా అన్నది రిజిస్ట్రీలో ఒకే ఒక విలువ మీద ఆధారపడుతుంది. హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్, అక్కడ సీడీరామ్ అనే ఫోల్డరు ఉంటుంది. దానిలో ‘ఆటోరన్’ అనే విలువ 1 ఉండాలి. ఇక్కడ 0 ఉంది. ఈ కంప్యూటరులో ఒకప్పుడు డిస్కులు రైటు చేసేవారట. రైటింగు మధ్యలో ఆటంకం రాకుండా ఈ కబురును ఆపివేసే అలవాటు కొన్ని పాత రైటింగ్ సాఫ్ట్‌వేర్లకు ఉండేది. ఆ సాఫ్ట్‌వేరును తీసేశాక కూడా అది మార్చిన విలువ మిగిలిపోయి ఉండవచ్చు. ముందుగా ఆ ఫోల్డరును ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచి, విలువను 1గా మార్చి, కంప్యూటరును రీస్టార్ట్ చేశాను. రీస్టార్ట్ చేయకపోతే డ్రైవరు ఈ మార్పును గమనించదు. ఆ తరువాత డిస్కు మార్చగానే పేరు దానంతట అదే మారింది.

పేరు మారింది కానీ పాట రాలేదు. సర్వీసెస్ కిటికీలో షెల్ హార్డ్‌వేర్ డిటెక్షన్ ‘రన్నింగ్’ అనే ఉంది, స్టార్టప్ టైపు ‘ఆటోమేటిక్’. దానికి వంక పెట్టలేం. మిగిలింది పాలసీ.

ఆటోప్లే పాలసీకి రిజిస్ట్రీలో ‘నో డ్రైవ్ టైప్ ఆటోరన్’ అన్న పేరు ఉంది. సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, పాలసీస్, ఎక్స్‌ప్లోరర్ అన్న దారిలో అది ఉంటుంది. యంత్రానికి ఒకటి, వాడుకరికి ఒకటి చొప్పున రెండు చోట్ల ఉండవచ్చు. రెండూ ఉంటే యంత్రానిదే చెల్లుతుంది. చాలామంది వాడుకరి భాగంలో మాత్రమే సరిచేసి, ఫలితం రాక విసుగు చెందడానికి కారణం ఇదే.

ఈ విలువను లెక్కగా చదవడం తెలిస్తే మిగతాదంతా సులువు. ఒక్కో రకం డ్రైవుకు ఒక్కో అంకె ఉంది: రూట్ ఫోల్డరు లేని డ్రైవులకు 2, పెన్‌డ్రైవుల్లా తీసి పెట్టుకునే డ్రైవులకు 4, హార్డ్ డిస్కులకు 8, నెట్‌వర్క్ డ్రైవులకు 16, సీడీ, డీవీడీ డ్రైవులకు 32, ర్యామ్ డిస్కులకు 64, ఏ రకమో తెలియనివాటికి 1, 128. ఏ రకానికి ఆటోప్లే వద్దనుకుంటే ఆ అంకెను కలుపుతారు. ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్ నుంచి సహజంగా ఉండే విలువ 145, అంటే 128, 16, 1 కలిపినది. దానిలో 32 లేదు కనుక సీడీలకు ఆటోప్లే పనిచేస్తుంది. ఈ కంప్యూటరులో యంత్రం భాగంలో 255 కనిపించింది. అన్ని అంకెలూ కలిస్తే వచ్చేది 255, అంటే ఏ డ్రైవుకూ ఆటోప్లే లేదని అర్థం. వైరసుల నుంచి కాపాడడానికి ఎవరో ఎప్పుడో మంచి ఉద్దేశంతోనే ఇలా పెట్టి ఉంటారు. ఆ ఉద్దేశాన్ని నేను గౌరవిస్తాను, అందుకే సహజ విలువ అయిన 145కు తీసుకుపోలేదు. 255లోంచి సీడీల అంకె 32 తీసేస్తే 223. యంత్రం భాగంలో 223 రాసి, వాడుకరి భాగంలో అదే పేరుతో ఉన్న విలువను తొలగించాను. దీనితో పెన్‌డ్రైవులు పెట్టినా ఏమీ మొదలవ్వదు, డిస్కులు పెడితే మొదలవుతుంది. రిజిస్ట్రీ ఎడిటరులో ఈ విలువ రాసేటప్పుడు ‘డెసిమల్’ అన్న గుండ్రని గుర్తును ఎంచుకోవాలి. లేకపోతే అదే 223 పదహారు ఆధారపు సంఖ్యగా నమోదై, అర్థం పూర్తిగా మారిపోతుంది.

మళ్లీ లాగిన్ అయ్యి ఆడియో సీడీ పెట్టాను. ఈసారి పెట్టె తెరుచుకుంది, కానీ పాటతో కాదు. ఒక ప్రోగ్రాము దొరకలేదన్న ఎర్రర్‌తో.

శుక్రవారం

నిన్నటి ఎర్రర్ నిజానికి మంచి సంకేతం, కబురు చివరి మెట్టు దాకా వచ్చిందని అది చెబుతోంది. కంట్రోల్ ప్యానెల్‌లో ఆటోప్లే పేజీ తెరిస్తే, ఆడియో సీడీకి ఎదురుగా ఎప్పుడో తొలగించిన ఒక ప్లేయరు పేరు నమోదై ఉంది. పేజీ అడుగున ఉన్న ‘రీసెట్ ఆల్ డిఫాల్ట్స్’ బొత్తాంతో అన్నింటినీ తుడిచివేశాను.

ఇక ప్లేయరు సంగతి. విండోస్ 8 నుంచి విండోస్ మీడియా ప్లేయరు డీవీడీ సినిమాలను ఆడించడం మానేసింది. విండోస్ 10 వాడేవారిలో చాలామంది డీవీడీ పెట్టి, ఫోల్డర్లు తప్ప సినిమా రాకపోయే సరికి డిస్కు పాడైందనుకుంటారు. ఆ డిస్కులు అన్యాయంగా చెత్తబుట్టలోకి పోతున్నాయని తలచుకుంటే బాధగా ఉంటుంది. వీఎల్‌సీ ప్లేయరు వేస్తే డీవీడీ, వీసీడీ, ఆడియో సీడీ మూడూ తీరుతాయి. దానిని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ ప్లేబ్యాక్ అన్న భాగంలో టిక్కులు ఉండేలా చూసుకోవాలి. అప్పుడే ఆటోప్లే జాబితాలో దాని పేరు చేరుతుంది. ఆ తరువాత కంట్రోల్ ప్యానెల్‌లో ఆడియో సీడీ, డీవీడీ మూవీ, వీడియో సీడీ అన్న మూడు వరుసల్లోనూ వీఎల్‌సీని ఎంచి, సేవ్ చేశాను. ‘యూజ్ ఆటోప్లే ఫర్ ఆల్ మీడియా అండ్ డివైసెస్’ అన్న పై గడిలో టిక్కు లేకపోతే కింద ఎన్ని మార్చినా వృథా.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన డీవీడీలను కొందరు గ్రంథాలయానికి ఇచ్చారు. మన దేశం డీవీడీ ప్రాంతాల్లో 5వది, అమెరికా 1వది. డ్రైవులో ప్రాంతాన్ని ఐదుసార్లు మాత్రమే మార్చవచ్చు, ఆఖరిసారి పెట్టినదే శాశ్వతంగా నిలిచిపోతుంది. అందుకే ఈ డ్రైవును 5 దగ్గరే ఉంచి, ఎవరూ మార్చకూడదని రిజిస్టరులో రాయించాను.

సోమవారం

తుడిచినా, సెట్టింగులు సరిచేసినా లొంగని డిస్కులు ఈ రోజు పని. ఉత్సవాల డీవీడీల్లో కొన్ని ఖాళీ డిస్కులుగా కనిపిస్తున్నాయి. వెనక వైపు వంచి చూస్తే రాసిన భాగానికీ రాయని భాగానికీ మధ్య రంగు తేడా ఒక వలయంలా స్పష్టంగా తెలుస్తోంది, అంటే సరుకు ఉంది. ఇంట్లో టీవీ పక్కన పెట్టుకునే డీవీడీ రికార్డరులో తీసి ఫైనలైజ్ చేయకుండా, అంటే ఇతర యంత్రాలు చదవగలిగేలా రికార్డింగును ముగించకుండా, వదిలేసిన డిస్కులు ఇలాగే ప్రవర్తిస్తాయి. వాటిని అదే రకం రికార్డరులో పెట్టి ఫైనలైజ్ చేయించడమే సరైన దారి. ‘ఖాళీ డిస్కును ఏం చేయాలి’ అని ఆటోప్లే అడిగినప్పుడు ఎవరైనా ఫార్మాట్ అని ఒప్పుకుంటారేమోనన్న భయంతో, ఖాళీ సీడీ, ఖాళీ డీవీడీ వరుసలకు ‘టేక్ నో యాక్షన్’ పెట్టాను.

నిఘంటువు సీడీ ఎర్రర్ వేరే జాతిది. 64-బిట్ విండోస్ 16-బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు. 1990ల నాటి మల్టీమీడియా సీడీల్లో ప్రధాన ప్రోగ్రాము 32-బిట్‌ది అయినా సెటప్ ఫైలు 16-బిట్‌ది అయి ఉండడం మామూలే. ఊహతో వదిలేయకుండా ఆ ఫైలును హెక్స్ వ్యూయరులో (ఫైలులోని బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపే ప్రోగ్రాము) తెరిచాను. మొదట్లో అన్ని పాత, కొత్త ప్రోగ్రాముల్లాగే ‘ఎంజడ్’ అన్న రెండు అక్షరాలు ఉన్నాయి. కొంత కిందికి దిగితే, 32-బిట్ ప్రోగ్రాముల్లో ‘పీఈ’ ఉండే చోట ‘ఎన్‌ఈ’ కనిపించింది. ‘ఎన్‌ఈ’ అంటే 16-బిట్ విండోస్ ప్రోగ్రాము. అక్కడితో వాదన ముగిసింది. ఇక కంపాటిబిలిటీ మోడ్ ఎన్నిసార్లు మార్చినా ఉపయోగం లేదు. 32-బిట్ విండోస్‌ను వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేరుతో నడిచే మరో కంప్యూటరు) పెట్టి నడపవచ్చు, కానీ పింఛనుదారుల చేతికి అది ఇవ్వలేం. డిస్కు ఫోల్డర్లు తెరిచి చూస్తే ఉచ్చారణ శబ్దాలన్నీ వేవ్ ఫైళ్లుగా విడిగానే ఉన్నాయి. వాటిని హార్డ్ డిస్కులోకి కాపీ చేసి పెట్టాం.

తెలుగు పాఠం ఉన్న ఒక సీడీలో అక్షరాలకు బదులు అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు వచ్చాయి. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి కోడ్ అయిన యూనికోడ్‌కు ముందు ఒక్కో సంస్థ ఒక్కో ఫాంటు కోడ్ వాడిన కాలపు డిస్కు అది. గౌతమి ఫాంటుతో తెలుగు యూనికోడ్ విండోస్ ఎక్స్‌పీలో వచ్చాక ఈ బెడద తగ్గింది కానీ, పాత పాఠానికి పాత ఫాంటే కావాలి. ఆ ఫాంటు ఫైలు డిస్కులోనే ఒక ఫోల్డరులో ఉంది. దాని మీద కుడి మౌసు బొత్తాం నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే సరిపోయింది, సెటప్ ప్రోగ్రాముతో పని పడలేదు.

బుధవారం

ఆటోరన్ కావాలా వద్దా అన్న నిర్ణయం ఈ రోజు తీసుకున్నాం. పిల్లల సీడీలు పెట్టగానే బొమ్మలతో తెర తెరుచుకుంటే బాగుంటుందని అటెండరు అభిప్రాయపడ్డారు. నేను వద్దన్నాను, కారణాలు కూడా వివరంగా చెప్పాను.

2005లో సోనీ బీఎంజీ మ్యూజిక్ సీడీల్లో ఆటోరన్ ద్వారా నడిచే కాపీ రక్షణ సాఫ్ట్‌వేరు ఉండేది, అది తనను తాను కంప్యూటరులో దాచుకునే రూట్‌కిట్ అని మార్క్ రసినోవిచ్ ఆ ఏడాది అక్టోబరు 31న బయటపెట్టారు. పాట వినడానికి పెట్టిన డిస్కు కంప్యూటరు లోపల పాతుకుపోవడానికి ఆటోరన్ దారి ఇచ్చింది. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ పురుగు పెన్‌డ్రైవుల్లో ఆటోరన్ ఫైలు పెట్టి, ఆటోప్లే పెట్టెలో ‘ఫోల్డరు తెరువు’ అన్న మాటకు నకలు సృష్టించి, నొక్కినవారిని మోసం చేసింది. అందువల్ల విండోస్ 7లో పెన్‌డ్రైవులకు ఆటోరన్ ఆపేశారు, 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీ, విస్టాలకు కూడా అదే మార్పును అప్‌డేట్ ద్వారా పంపారు. సీడీ, డీవీడీలకు మాత్రం ఆ దారి మిగిలింది. ఇంటర్నెట్ డాంగిళ్లు కంప్యూటరుకు పెట్టగానే సీడీ డ్రైవులా కనిపించి, తమ డయలర్‌ను ఇన్‌స్టాల్ చేసుకోమనడం మనలో చాలామంది చూశాం. సీడీ వేషంలో పెన్‌డ్రైవు వస్తే 223 అన్న విలువ దానిని ఆపలేదు.

అందువల్ల పాలసీస్ ఎక్స్‌ప్లోరర్ ఫోల్డరులోనే ‘నో ఆటోరన్’ అన్న విలువను 1గా చేర్చాను. ఆటోప్లే పెట్టె తెరుచుకుంటుంది, పాటలూ సినిమాలూ మొదలవుతాయి, కానీ ఆటోరన్ ఫైలులోని ఆజ్ఞ ఏదీ నడవదు. రిజిస్ట్రీలో ఐఎన్ఐ ఫైల్ మ్యాపింగ్ అన్న చోట ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్‌ను లేని ఫైలుగా చూపించే పాత పద్ధతి ఒకటి కూడా ఈ కంప్యూటరులో ముందే అమలై ఉంది. దానిని అలాగే ఉంచాను. దానివల్ల సీడీ ఐకాన్లు, ప్రత్యేక పేర్లు కనిపించవు, అంతకు మించిన నష్టం లేదు. సాఫ్ట్‌వేరు, గేమ్స్ వరుసకు ‘ఓపెన్ ఫోల్డర్ టు వ్యూ ఫైల్స్’ ఎంచాను. జిరాక్సు షాపుల కంప్యూటర్లన్నీ తిరిగి వచ్చే పెన్‌డ్రైవులు కూడా ఇక్కడికి వస్తాయి కనుక, ఈ కట్టుబాటు ఎక్కువేమీ కాదు.

శనివారం

పాఠకులతో పరీక్షించాం. ఒక పెద్దాయన తనకు నచ్చిన సంకీర్తనల సీడీ తెచ్చి, ట్రే మీద లేబుల్ పైకి ఉండేలా పెట్టి, వేలితో నెట్టారు. డ్రైవు తిరిగే శబ్దం కొద్దిసేపు వినిపించాక వీఎల్‌సీ తెరుచుకుని మొదటి పాట అందుకుంది. “ఇంతేనా బాబూ, ఇంకేమీ నొక్కక్కర్లేదా?” అని ఆయన అడిగారు. అక్కర్లేదని చెప్పాను. డీవీడీ, వీసీడీ కూడా అలాగే మొదలయ్యాయి. పెన్‌డ్రైవు పెడితే ఏమీ తెరుచుకోలేదు, అది కూడా మేము కోరినదే.

మార్చిన ప్రతి విలువ, దాని పాత రూపం, మార్చడానికి కారణం ఒక కాగితం మీద రాసి, కంప్యూటరు ఫైలులో పెట్టించాను. విండోస్ పెద్ద అప్‌డేట్ ఏదైనా వచ్చినప్పుడు, ముందుగా సీడీరామ్ కింది 1, పాలసీ కింది 223, ఆ తరువాత ఆటోప్లే పేజీలోని మూడు వరుసలు చూసుకోవాలని అందులో ఉంది.

ఇక మిగిలింది నకళ్ల పని. ప్రోగ్రాము సీడీలు, డీవీడీలను ఐఎస్ఓ ఫైళ్లుగా (డిస్కు మొత్తానికి ఒకే ఫైలు రూపంలో నకలు) భద్రపరచవచ్చు, విండోస్ 8 నుంచి అటువంటి ఫైలును రెండుసార్లు నొక్కితే డ్రైవులా తెరుచుకుంటుంది. ఆడియో సీడీలకు ఈ పద్ధతి కుదరదు, ఎందుకంటే వాటిలో ఫైళ్లే ఉండవు, ట్రాకులే ఉంటాయి. వాటిని నాణ్యత తగ్గని ఫ్లాక్ ఆడియో ఫైళ్ల రూపంలో తీయాలి. వీసీడీల వీడియో సెక్టార్లను సాధారణ ఐఎస్ఓ పూర్తిగా పట్టుకోలేదు, వాటికి బిన్, క్యూ ఫైళ్ల జంట కావాలి. లేబుల్ వైపు చుక్కలు పడి విడిగా పెట్టెలో ఉన్న డిస్కులతోనే వచ్చే వారం ఈ పని మొదలుపెడతాం, వాటికి వ్యవధి తక్కువ.